2021 గరిష్ఠంలో బిట్‌కాయిన్ కొన్నవాళ్లు ఇప్పుడేం చేయాలి? ఇంకో పతనం దాకా ఉంచుకోవచ్చా?

బురుజు_వీధి_టీచర్ (కర్నూలు)
12 జనవరి 2025, రాత్రి 9:40

సభ్యులందరికీ నమస్కారం. నేను కర్నూలులో ఒక ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. 2021 నవంబరులో, దీపావళి వెళ్లిన వారంలో, మా స్టాఫ్‌రూములో ఎవరి నోట విన్నా క్రిప్టో మాటే వినిపిస్తున్న రోజుల్లో, నేను రెండు లక్షలు పెట్టాను. అందులో ఒక లక్షకు బిట్‌కాయిన్ కొన్నాను. అప్పుడు ఒక కాయిన్ ధర సుమారు రూ.50 లక్షలు కాబట్టి నాకు 0.02 వచ్చింది. రెండో లక్షను ఒక జూనియర్ ఉపాధ్యాయుడు చెప్పిన ఐదు చిన్న కాయిన్లలో సమానంగా పంచాను.

సరిగ్గా ఏడాది తిరిగేసరికి, అంటే 2022 నవంబరులో, ఆ 0.02 బిట్‌కాయిన్ విలువ రూ.26 వేలకు, ఐదు కాయిన్ల విలువ మొత్తం కలిపి రూ.9 వేలకు దిగింది. అప్పుడు నేను అమ్మకపోవడానికి కారణం ధైర్యం కాదని ఒప్పుకోవాలి. అమ్మితే ఆ సంగతి మావారికి చెప్పవలసి వస్తుందన్న భయంతోనే ఊరుకున్నాను. ఈ రోజు చూస్తే బిట్‌కాయిన్ భాగం రూ.1,62,000 అయింది. ఐదు కాయిన్లు మాత్రం రూ.14 వేల దగ్గరే ఉన్నాయి.

మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. 2026 ఆగస్టు నుంచి ఇంజనీరింగ్ ఫీజులు మొదలవుతాయి. ఇప్పుడే మొత్తం అమ్మేయాలా, ఇంకా పెరిగే దాకా ఆగాలా, లేక రాబోయే పతనాన్ని కూడా ఓర్చుకుని మరో చక్రం (ధర పెరిగి, పడి, మళ్లీ లేచే కాలం) దాకా ఉంచుకోవాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరు.

గుంతకల్లు_జంక్షన్ (బెంగళూరు నుంచి)
12 జనవరి 2025, రాత్రి 10:25

మేడం, ఇప్పుడు అమ్మకండి. ప్రతి 2,10,000 బ్లాకులకు (లావాదేవీలను నమోదు చేసే కట్టలకు) ఒకసారి, అంటే దాదాపు నాలుగేళ్లకు ఒకసారి, మైనర్లకు, అంటే కంప్యూటర్లతో ఆ నమోదు చేసేవాళ్లకు, వచ్చే కొత్త బిట్‌కాయిన్లు సగానికి తగ్గుతాయి. దీన్నే హాల్వింగ్ అంటారు. 2012 నవంబరులో హాల్వింగ్ జరిగితే 2013 నవంబరు చివర్లో ధర 1,100 డాలర్లు దాటింది. 2016 జూలైలో జరిగితే 2017 డిసెంబరులో 20 వేల డాలర్ల అంచుకు చేరింది. 2020 మేలో జరిగితే 2021 నవంబరులో 69 వేలు తాకింది. గత రెండు చక్రాల్లోనూ హాల్వింగ్ అయిన 17, 18 నెలలకు గరిష్ఠం వచ్చింది. చివరి హాల్వింగ్ 2024 ఏప్రిల్‌లో జరిగింది కాబట్టి లెక్క ప్రకారం 2025 సెప్టెంబరు, అక్టోబరు దాకా ఆగాలి. ఆ నెలల్లో మొత్తం అమ్మేసి, 2026 చివర్లో మళ్లీ కిందికి వచ్చినప్పుడు కొనుక్కోవాలి. మీ ఫీజులకు కూడా ఇది సరిగ్గా సరిపోతుంది.

చీనీ_తోట (అనంతపురం)
13 జనవరి 2025, ఉదయం 6:10

తమ్ముడూ, నీ లెక్క తప్పని నేననను. కానీ నువ్వు చెప్పినవి మూడే మూడు ఉదాహరణలు. మూడేళ్లు వరుసగా మృగశిరలో వాన పడిందని నాలుగో ఏడు దుక్కి దున్ని, విత్తనం చల్లి కూర్చున్నవాళ్లను మా జిల్లాలో చాలామందిని చూశాను. పైగా నాలుగో చక్రం అప్పుడే దారి తప్పింది. ఇదివరకు ప్రతిసారీ హాల్వింగ్ జరిగిన తర్వాతే ధర పాత గరిష్ఠాన్ని దాటేది. ఈసారి అమెరికాలో 2024 జనవరిలో స్పాట్ ఈటీఎఫ్‌లకు (బిట్‌కాయిన్‌ను కొని దాచి, తమ వాటాలను షేర్ల మాదిరిగా అమ్మే ఫండ్లకు) అనుమతి రావడంతో హాల్వింగ్‌కు ముందే, మార్చిలోనే, దాటేసింది.

సరఫరా సంగతి కూడా చూడు. 2012 హాల్వింగ్ నాటికి బయట ఉన్న బిట్‌కాయిన్లు 1 కోటి 5 లక్షలు. రోజుకు 7,200 కొత్తవి వచ్చేవి 3,600కు తగ్గాయి. అంటే ఏడాదికి పాతిక శాతం చొప్పున పెరిగే నిల్వ పన్నెండున్నర శాతానికి పడిపోయింది. అది మార్కెట్టుకు పెద్ద కుదుపే. 2024లో రోజుకు 900 వచ్చేవి 450 అయ్యాయి, కానీ అప్పటికే బయట 1 కోటి 96 లక్షలకు పైగా ఉన్నాయి. ఏడాది పెరుగుదల 1.7 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గింది, అంతే. యార్డుకు రోజూ వంద లారీలు వచ్చే కాయ యాభై లారీలకు తగ్గితే ధర ఎగురుతుంది. రెండు లారీలు ఒకటికి తగ్గితే వేలంపాటలో ఎవరూ తల కూడా తిప్పరు. కాబట్టి ఇకపై ధరను నడిపేది హాల్వింగ్ కంటే కొనేవాళ్ల చేతిలో ఆడే డబ్బు, అమెరికా వడ్డీ రేట్లు వంటివేనని నా అభిప్రాయం.

మేడం గారికి నా సొంత సంగతి ఒకటి చెబుతాను. నాకు నాలుగెకరాల చీనీ తోట ఉంది. టన్ను రూ.12 వేలకు అడిగిన ఏడాదీ చూశాను, అదే తోటకు రూ.50 వేలకు పైగా పలికిన ఏడాదీ చూశాను. వరుసగా రెండేళ్లు వానలు లేక బోర్లు ఎండినప్పుడు, చెట్టు చావకుండా ఉండడానికి ట్యాంకర్లతో నీళ్లు తోలించాము. మా చుట్టుపక్కల తోటల్లో అప్పుడు నరికేసినవి చెట్లు బాగా లేనివి కావు. ఎవరి తలమీద వాయిదా ఉందో వాళ్ల తోటలు ముందు నరికారు. మీ విషయంలో 2026 ఆగస్టు ఫీజు అన్నది అలాంటి వాయిదా. బిట్‌కాయిన్ పడినప్పుడు ఎంత పడుతుందో చూడండి: 2013 గరిష్ఠం నుంచి 2015 జనవరి నాటికి 80 శాతానికి పైగా, 2017 నుంచి 2018 డిసెంబరు నాటికి సుమారు 84 శాతం, 2021 నుంచి 2022 నాటికి సుమారు 77 శాతం. పాత ధరకు తిరిగి రావడానికి మొదటి రెండుసార్లు మూడేళ్ల చొప్పున, మూడోసారి రెండేళ్ల నాలుగు నెలలు పట్టింది. ఈ తమ్ముడు చెప్పిన చక్రమే నిజమైతే మీ అమ్మాయి కాలేజీలో చేరే నెల సరిగ్గా పతనం నడిమధ్యన పడుతుంది.

లెక్కల_పద్దు (కడప)
13 జనవరి 2025, ఉదయం 11:05

ధర ఎటు పోతుందో నాకు తెలియదు గానీ, పన్ను ఎంత పడుతుందో చెప్పగలను. నేను ఒక ఆడిటరు దగ్గర పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. మేడం ఇచ్చిన అంకెలతోనే వేసి చూపిస్తాను.

2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు ఉన్నాయి. కొన్న ధర తప్ప మరే ఖర్చునూ తీసివేయనివ్వరు. షేర్ల మాదిరిగా ఏడాది దాటి ఉంచుకున్నామని తక్కువ రేటు ఉండదు. పదేళ్లు ఉంచినా పది రోజులు ఉంచినా ఒకటే. అన్నిటికంటే ముఖ్యమైనది, ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని మరో కాయిన్ లాభంలోంచి తీసివేయడం కుదరదు, వచ్చే ఏడాదికి మోసుకెళ్లడమూ కుదరదు.

మేడం మొత్తం అమ్మేశారనుకుందాం. బిట్‌కాయిన్‌పై రూ.1,62,000, చిన్న కాయిన్లపై రూ.14,000, కలిపి చేతికి రూ.1,76,000 వస్తాయి. పెట్టింది రెండు లక్షలు కాబట్టి మనసులో వేసుకునే లెక్కలో నష్టం రూ.24,000. పన్ను లెక్క అలా ఉండదు. బిట్‌కాయిన్ లాభం రూ.62,000 మీద 30 శాతం రూ.18,600, సెస్సు రూ.744, వెరసి రూ.19,344 కట్టాలి. చిన్న కాయిన్లలో పోయిన రూ.86,000ను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. చివరికి మిగిలేది రూ.1,56,656. అంటే మొత్తం మీద నష్టపోయిన మనిషి దాదాపు రూ.20 వేల ఆదాయపు పన్ను కడతారు. అమ్మేటప్పుడు ఎక్స్ఛేంజ్ (కాయిన్లు కొని అమ్మే వేదిక) వాళ్లు 1 శాతం టీడీఎస్ పట్టుకుంటారు, ఇక్కడ అది రూ.1,760, అది ఈ పన్నులో సర్దుబాటవుతుంది కాబట్టి అదనపు భారం కాదు. రిటర్నులో క్రిప్టో లావాదేవీలు చూపే షెడ్యూల్ వీడీఏ నింపడం మరిచిపోకూడదు.

పై తమ్ముడు చెప్పిన ‘గరిష్ఠంలో అమ్మి కనిష్ఠంలో కొనడం’ పద్ధతికి కూడా ఈ పన్ను అడ్డం వస్తుంది. ప్రతి అమ్మకంలోనూ లాభంలో దాదాపు మూడోవంతు బయటికి పోతుంది. లాభంతో ఒకసారి అమ్మి, ధర 10 శాతమో 15 శాతమో తగ్గగానే తిరిగి కొన్నవాళ్లకు ముందున్నన్ని కాయిన్లు రాకపోవడం నేను పద్దుల్లో చూస్తూనే ఉన్నాను.

బురుజు_వీధి_టీచర్ (కర్నూలు)
13 జనవరి 2025, సాయంత్రం 5:30

రోజూ పదో తరగతి పిల్లలకు లాభనష్టాల లెక్కలు చెప్పే నేను ఈ లెక్క ఒక్కసారీ కాగితం మీద పెట్టలేదు. మూడేళ్లుగా ఫోనులో మొత్తం విలువ ఒక్కటే చూస్తూ, అది రెండు లక్షలకు చేరితే అసలు వచ్చేసినట్టే అనుకుంటూ వచ్చాను.

గుంతకల్లు_జంక్షన్ (బెంగళూరు నుంచి)
13 జనవరి 2025, రాత్రి 8:15

లెక్కల_పద్దు గారూ, రూపాయల్లోకి తెచ్చుకోకుండా బిట్‌కాయిన్‌ను డాలరు విలువకు కట్టిన స్టేబుల్‌కాయిన్‌గా మార్చి ఉంచుకుంటే పన్ను పడదని మా మిత్రులు అంటున్నారు, నిజమేనా?

లెక్కల_పద్దు (కడప)
13 జనవరి 2025, రాత్రి 8:40

నిజం కాదు. ఒక కాయిన్ ఇచ్చి మరొకటి తీసుకోవడం కూడా బదలాయింపే. మార్చిన రోజు విలువ ప్రకారం లాభం లెక్కగట్టి పన్ను కట్టాలి. బ్యాంకులోకి రూపాయి రాలేదు కాబట్టి ఆదాయం లేదనుకుని, ఏడాదిలో రెండు వందల సార్లు అటూ ఇటూ మార్చిన కుర్రవాడొకడు మార్చి నెలలో మా ఆఫీసుకు వచ్చాడు. అతని లావాదేవీల కాగితాలు అచ్చు తీస్తే నలభై ఏడు పేజీలు వచ్చాయి.

తొలకరి_తుగ్గలి (తుగ్గలి మండలం)
14 జనవరి 2025, ఉదయం 10:20

అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు. చర్చ అంతా బిట్‌కాయిన్ చుట్టూ తిరుగుతోంది గానీ మేడం నష్టపోయింది ఆ ఐదు చిన్న కాయిన్లలో. ఆ మాట కూడా మాట్లాడుకోవాలి.

తొలకరి పడగానే మా తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర పొలాల్లోకి వజ్రాలు వెతకడానికి జనం ఎలా వస్తారో ఈ జిల్లాల వాళ్లకు చెప్పనక్కరలేదు. బళ్లారి నుంచి, గుంటూరు నుంచి కూడా వచ్చి, చెట్ల కింద వండుకుంటూ వారాల తరబడి వంగి నడుస్తారు. ఒకరికి రాయి దొరికిందంటే సాయంత్రానికి ఆ వార్త పేపర్లకెక్కుతుంది. ఇరవై రోజులు వెతికి బస్సు చార్జీలకు అప్పు చేసి వెళ్లిపోయినవాళ్ల గురించి ఎక్కడా రాయరు. మా ఇంటి అరుగు మీద పడుకునేవాళ్లు కాబట్టి నాకు తెలుసు. చిన్న కాయిన్ల కథలు కూడా అలాగే మన దాకా వస్తాయి.

‘చక్రం తిరుగుతుంది, అన్నీ మళ్లీ లేస్తాయి’ అన్న మాట ఇప్పటి దాకా నిజమైంది బిట్‌కాయిన్ విషయంలో. రెండో స్థానంలో ఉన్న ఈథర్ 2021 నవంబరులో 4,800 డాలర్లు దాటింది. 2025 జనవరి నాటికి కూడా ఆ ధరను తిరిగి అందుకోలేదు. 2022 మేలో లూనా కొద్ది రోజుల్లోనే దాదాపు సున్నా అయింది. అది ఊరూ పేరూ లేని కాయిన్ కాదు, అంతకు ముందు నెలలోనే ప్రపంచంలో పెద్ద కాయిన్లలో ఒకటిగా ఉండేది. నేను కూడా 2021లో కొన్న ఏడింటిలో మూడింటిని ఇప్పుడు ఏ ఎక్స్ఛేంజ్‌లోనూ కొనేవాడు లేడు. మేడం, ఆ ఐదింటి గురించి ఒక్కటే ప్రశ్న వేసుకోండి: ఈ రోజు మీ చేతిలో రూ.14 వేల నగదు ఉంటే వాటిని కొంటారా? వాటిని అమ్మితే పన్ను లేదు, ఉంచితే పన్ను లాభమూ లేదు.

ఆదోని_యార్డు (ఆదోని)
14 జనవరి 2025, మధ్యాహ్నం 3:00

అమ్మాలని నిర్ణయించుకున్న తర్వాత ఎలా అమ్ముతున్నామన్నది కూడా చూసుకోవాలి. టీడీఎస్ తప్పుతుందని నేను ఒకసారి తెలియని మనిషికి నేరుగా స్టేబుల్‌కాయిన్లు అమ్మాను. రూ.38 వేలు యూపీఐలో వచ్చాయి. మూడు వారాల తర్వాత నా కరెంటు ఖాతా నిలిపేశారు. ఆ డబ్బు ఎక్కడో వేరే రాష్ట్రంలో ఒక ముసలాయనను మోసం చేసి లాగినదట, చేతులు మారి నా ఖాతాకు చేరింది. అది పత్తి సీజను. రైతులకు ఇవ్వాల్సిన డబ్బూ, హమాలీల కూలీ అదే ఖాతాలో ఇరుక్కుపోయాయి. మా నాన్న యార్డులో అందరి ముందూ తల దించుకుని చేబదులు అడిగి కూలీ పంచాడు. ఖాతా తెరిపించడానికి నాలుగు నెలలు తిరిగాను. దాని ముందు 1 శాతం ఎంత?

ప్రొద్దుటూరు_పసిడి (ప్రొద్దుటూరు)
14 జనవరి 2025, రాత్రి 9:10

మాది మూడు తరాలుగా బంగారం పని. దీర్ఘకాలం ఉంచుకోవడం గురించి మాట్లాడేటప్పుడు బంగారాన్ని కాస్త పక్కన పెట్టి చూడాలనిపించింది. బంగారం ఎప్పుడూ పెరుగుతుందని మా అంగడికి వచ్చే వాళ్లంతా అంటారు. 1980 జనవరిలో ఔన్సు 850 డాలర్లకు చేరిన బంగారం డాలర్లలో మళ్లీ ఆ ధర చూసింది 2008 జనవరిలో, అంటే 28 ఏళ్లకు. మనకు ఆ నొప్పి తెలియకపోవడానికి ఒక కారణం, ఈ మధ్యలో రూపాయి విలువ పడిపోతూ రావడమే. బిట్‌కాయిన్‌లో కూడా ఇది కొద్దిగా కనిపిస్తుంది: 2021లో డాలరు రూ.74 ఉండేది, 2024 నాటికి రూ.83 అయింది కాబట్టి, రూపాయల్లో పాత గరిష్ఠం డాలర్లలో కంటే కొద్ది రోజులు ముందే దాటింది.

అసలు తేడా వేరే చోట ఉంది. ఇంట్లో నాలుగు గాజులుంటే ఆసుపత్రి ఖర్చు వచ్చిన రోజున వాటిని అమ్మనక్కరలేదు, బ్యాంకులో పెట్టి సాయంత్రానికి డబ్బు తెచ్చుకోవచ్చు, పంట చేతికొచ్చాక విడిపించుకోవచ్చు. తరుగు, మజూరీ పోయినా మా ప్రాంతపు ఆడవాళ్లు బంగారాన్నే నమ్మడానికి కారణం ఇదే. మన బ్యాంకుల్లో బిట్‌కాయిన్‌ను తాకట్టు పెట్టుకునేవాళ్లు లేరు. అవసరం వస్తే అమ్మడం ఒక్కటే దారి, ఆ రోజు ధర ఎంత ఉంటే అంతకే. అందుకే నా దగ్గర ఉన్న బిట్‌కాయిన్ మొత్తం ఆస్తిలో వందకు మూడు రూపాయలు దాటనివ్వను. అది ఐదుకు పెరిగితే పైన ఉన్నది అమ్మి, పన్ను కట్టి, బంగారు బిస్కెట్ కొని పెడతాను. మా నాన్నకు ఆ మూడు కూడా ఇష్టం లేదు.

నిర్వాహకుడు
14 జనవరి 2025, రాత్రి 9:45

నెలకు 8 శాతం రాబడి ఖాయమంటూ ఫోను నంబరుతో పెట్టిన ఒక వ్యాఖ్యను తొలగించాను. అటువంటివి మళ్లీ పెడితే సభ్యత్వం రద్దవుతుంది.

పెన్నా_ఇసుక (కడప)
15 జనవరి 2025, ఉదయం 7:50

నేను 2017 డిసెంబరులో, అంటే గరిష్ఠానికి సరిగ్గా పది రోజుల ముందు మొదలుపెట్టినవాణ్ణి. రెండు చక్రాలు దాటానని ఇక్కడ కొందరు నన్ను పెద్దమనిషిని చేస్తుంటారు. నిజానికి మొదటి చక్రంలో నేను అమ్మలేకపోయాను. 2018 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు సర్క్యులర్ ఇచ్చి బ్యాంకులన్నీ క్రిప్టో సంస్థలకు సేవలు ఆపేయాలన్నది. మా ఎక్స్ఛేంజ్ నుంచి రూపాయలు తీసుకునే దారే మూతపడింది. సుప్రీంకోర్టు 2020 మార్చి 4న ఆ సర్క్యులర్‌ను కొట్టివేసింది. హమ్మయ్య అనుకునేలోపు, ఎనిమిది రోజులకే, కరోనా భయంతో ఒక్క రోజులో ధర సుమారు సగానికి పడింది. అప్పటికి అమ్మాలన్న కోరికే చచ్చిపోయి ఉండడం వల్ల మిగిలాను.

ధర కంటే నన్ను ఎక్కువ కంగారు పెట్టినది తాళం. ఎక్స్ఛేంజ్‌లో ఉన్న కాయిన్ మన పేరున వాళ్ల దగ్గర ఉన్న పద్దు మాత్రమే. 2014 ఫిబ్రవరిలో జపాన్‌లో మౌంట్‌గాక్స్ మూతపడినప్పుడు లక్షల బిట్‌కాయిన్లు కనిపించకుండా పోయాయి, 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ దివాలా తీసింది. అందుకని నేను సొంత హార్డ్‌వేర్ వాలెట్ (కాయిన్ల తాళాన్ని మన దగ్గరే దాచుకునే చిన్న పరికరం) పెట్టుకున్నాను. దానికి 24 మాటల రహస్య వరుస ఒకటి ఉంటుంది. పరికరం పాడైనా ఆ మాటలుంటే సొమ్ము తిరిగొస్తుంది, అవి పోతే ఎవరూ ఏమీ చేయలేరు. ఆ మాటలను నోటుపుస్తకంలో రాసి, పాత ఇంట్లో గోడ బీరువాలో, దస్తావేజుల కింద పెట్టాను. రెండేళ్ల తర్వాత తీస్తే చెదలు పట్టి ఉంది. పేజీ అంచు తిని, పదమూడో మాటనుంచి పదహారో మాట దాకా మట్టి చేసింది. అదృష్టవశాత్తూ పరికరం ఇంకా పనిచేస్తుండడంతో ఆ రాత్రే కొత్త వరుస తయారుచేసుకుని కాయిన్లన్నీ అందులోకి మార్చుకున్నాను.

మళ్లీ కాగితాన్ని నమ్మబుద్ధి కాలేదు. పెళ్లిళ్లకు చదివించే స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కే కరెంటు పెన్ను ఉంటుంది కదా, ఆ అంగడికి వెళ్లి ఒక స్టీలు పళ్లెం కొన్నాను. ఆయన పేరేమిటి చెక్కాలని అడిగితే, నేనే చెక్కుకుంటానని అరగంటకు ఆ పెన్ను అద్దెకు తీసుకుని, గోడ వైపు తిరిగి కూర్చుని 24 మాటలూ చెక్కాను. నా చేతిరాత ఆ పళ్లెం మీద మూడో తరగతి పిల్లవాడిదిలా వచ్చింది గానీ చదవడానికి వీలుగానే ఉంది. అది ఎక్కడుందో నా భార్యకు, మా పెద్దక్కకు చెప్పాను. ఎలా వాడాలో మాత్రం విడిగా రాసి కవరులో పెట్టాను. నేను పోయాక ఆ పళ్లెంలో ఎవరైనా పులిహోర వడ్డించకుండా ఉండాలి కదా.

చీనీ_తోట (అనంతపురం)
15 జనవరి 2025, ఉదయం 8:30

అన్నా, ఆ చివరి మాటను మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను.

బురుజు_వీధి_టీచర్ (కర్నూలు)
18 జనవరి 2025, రాత్రి 10:05

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. పండుగ సెలవుల్లో మావారితో కూర్చుని మొత్తం సంగతి చెప్పాను. ఆయన కోప్పడలేదు, తాను కూడా 2021లోనే ఎవరికీ చెప్పకుండా షేర్లలో రూ.60 వేలు పోగొట్టుకున్న సంగతి అప్పుడు బయటపెట్టారు.

ఐదు చిన్న కాయిన్లనూ నిన్న అమ్మేశాను. టీడీఎస్, రుసుములు పోను రూ.13,800 కంటే కాస్త తక్కువే ఖాతాలో పడింది. బిట్‌కాయిన్‌లో సగం, అంటే 0.01, ఏప్రిల్‌లో కొత్త ఆర్థిక సంవత్సరం మొదలయ్యాక, ధర ఎంత ఉన్నా అమ్మాలని నిర్ణయించుకున్నాము. అలా చేస్తే దాని పన్ను వచ్చే ఏడాది రిటర్నులోకి వెళుతుంది, వచ్చిన డబ్బు మొదటి సంవత్సరం ఫీజుకు బ్యాంకు డిపాజిట్‌లో ఉంటుంది. మిగతా ఫీజులకు ఫిబ్రవరి నుంచి పోస్టాఫీసులో ఆర్‌డీ కడుతున్నాము. మిగిలిన 0.01ను అమ్మాయి చదువు పూర్తయ్యే దాకా తాకము; అది రూ.20 వేలకు పడినా ఇంట్లో ఏ ఖర్చూ ఆగదు. గుంతకల్లు తమ్ముడు చెప్పినట్టు అక్టోబరులో ధర ఆకాశానికి తాకితే సగం ముందే అమ్మేశానని తప్పకుండా బాధపడతాను, అది కూడా ఇక్కడే వచ్చి రాస్తాను.

పెన్నా_ఇసుక అన్నగారూ, ఆ చెక్కే పెన్ను అద్దెకు ఎంత తీసుకున్నారు? కర్నూలు పాతబస్తీలో ఇద్దరిని అడిగితే, పేరు చెప్పండి మేమే చెక్కి ఇస్తాము, పెన్ను ఇవ్వము అంటున్నారు.

పెన్నా_ఇసుక (కడప)
19 జనవరి 2025, ఉదయం 7:15

యాభై రూపాయలు ఇచ్చానమ్మా, పళ్లెం ఖరీదు వేరు. ఆయన కూడా ముందు ఇవ్వనన్నాడు. మా అమ్మ దినాలకు పంచే ఇరవై గిన్నెల ఆర్డరు ఆయనకే ఇచ్చాక ఒప్పుకున్నాడు. మీరు మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య వెళ్లండి, అప్పుడు బేరాలు ఉండవు. చెక్కే ముందు పాత గరిటె మీద నాలుగు అక్షరాలు అలవాటు చేసుకోండి, లేకపోతే మొదటి మాటలోనే పెన్ను జారుతుంది.